9 వేల కిలోమీటర్ల మాన్‌స్టరా, 21 వేల కిలోమీటర్ల స్క్రాంబ్లరా? పాత డుకాటీ కొనేముందు ఏమేమి చూడాలి?

మూసీ_గట్టు:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా 350 సీసీ బండి నడుపుతున్నాను. ఇప్పుడు ఇటలీ బండి మీద మనసు పడింది. కొత్తది కొనే స్తోమత లేదు, పాతదే చూస్తున్నాను. ప్రస్తుతం రెండు బండ్ల దగ్గర ఆగాను.

మొదటిది డుకాటీ మాన్‌స్టర్ 795, 2013 మోడల్. హైదరాబాద్‌లోనే ఉంది, ఏపీ 09 నంబరు. ఒకరే యజమాని. మీటరు మీద 9 వేల చిల్లర కిలోమీటర్లు. షెడ్డులో గుడ్డ కప్పి ఉంచారు, గీత కూడా లేదు.

రెండోది స్క్రాంబ్లర్ ఐకాన్, 2016 మోడల్, బెంగళూరులో ఉంది. ఇద్దరు యజమానుల చేతులు మారింది, 21 వేల కిలోమీటర్లు తిరిగింది. ట్యాంకు పక్కన ఒక సొట్ట ఉంది. అయినా దీని ధర మాన్‌స్టర్ కంటే దాదాపు లక్ష ఎక్కువ.

ఇంట్లో అందరూ మొదటిదే తీసుకోమంటున్నారు. నాకూ అటే మొగ్గు ఉంది. వెళ్లినప్పుడు ముందుగా ఏమి చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్పానరు:
తమ్ముడూ, రెండు బండ్ల గురించి ఇంత రాశారు గానీ అసలు సంగతి రాయలేదు. టైమింగ్ బెల్టులు చివరిసారి ఎప్పుడు మార్చారు?

మీరు చూసిన రెండింటిలోనూ ఇంజిను దాదాపు ఒకటే. 803 సీసీ, గాలికి చల్లబడే రెండు సిలిండర్లు, సిలిండరుకు రెండు వాల్వులు. క్యామ్‌షాఫ్టులను, అంటే వాల్వులను ఆడించే ఇరుసులను, తిప్పేది రబ్బరు బెల్టులు; వీటినే టైమింగ్ బెల్టులంటారు. వాటిని 24 వేల కిలోమీటర్లకు గానీ ఐదేళ్లకు గానీ, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. 9 వేలే తిరిగిన బండి యజమాని ఏమనుకుంటాడు? ‘ఇంకా 24 వేలు రాలేదు కదా’ అనుకుంటాడు. క్యాలెండరు వైపు చూడడు. 2013 నాటి బెల్టులే ఇంకా ఉంటే వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. తిరగకుండా ఒకే చోట నిలబెట్టిన బండిలో బెల్టు పుల్లీల మీద ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఒకనాడు ఉత్సాహంగా 7 వేల ఆర్‌పీఎం దాకా లాగితే పళ్లు ఊడిపోవచ్చు. అప్పుడు వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. ఆ పైన హెడ్డు విప్పాల్సిందే, ఆ బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

రెండో విషయం డెస్మో. మామూలు ఇంజిన్లలో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డెస్మో పద్ధతిలో మూయడానికి కూడా ప్రత్యేకంగా ఒక రాకర్, అంటే క్యామ్ తోసే చిన్న మీట, ఉంటుంది. ఫాబియో తాలియోనీ అనే ఇంజినీరు 1956లో 125 సీసీ రేసు బండి మీద ఈ పద్ధతి తెచ్చాడు, 1968లో రోడ్డు బండ్లకు వచ్చింది. దీనివల్ల ఒక్కో వాల్వుకు రెండు చోట్ల సందు కొలవాలి. మీ ఇంజినులో నాలుగు వాల్వులు, అంటే ఎనిమిది కొలతలు. ప్రతి 12 వేల కిలోమీటర్లకూ ఈ పని చేయించాలి. దీనికి సరైన షిమ్ములు (సందు సరిచేసే పలుచటి బిళ్లలు), ఓపిక, చేయి తిరిగిన మనిషి కావాలి. వీధి చివర మెకానిక్ దగ్గర అయ్యే పని కాదు.

కాబట్టి నేను కిలోమీటర్ల కంటే ముందు బిల్లులు అడుగుతాను. 21 వేలు తిరిగిన స్క్రాంబ్లర్‌కు 12 వేల దగ్గర డెస్మో సర్వీసు అయినట్టు కాగితం ఉంటే, నా దృష్టిలో అది ఆ 9 వేల బండి కంటే మేలు. సొట్ట గురించి దిగులు వద్దు. స్క్రాంబ్లర్ ఐకాన్‌లో ట్యాంకు పక్కల అల్యూమినియం పలకలుంటాయి, విప్పి మార్చుకోవచ్చు. సొట్ట పలక మీదేనా, కింద ట్యాంకు దాకా దిగిందా అన్నది మాత్రం చూడండి.

ఒంగోలు_గిత్త:
స్పానరు గారు చెప్పింది నిజమే కానీ భయం కాస్త ఎక్కువైంది. మాన్‌స్టర్ ధర తక్కువ ఉంది కదా. ఆ లక్షతో బెల్టులు, డెస్మో, టైర్లు, బ్యాటరీ అన్నీ కొత్తవి వేయించుకోవచ్చు. ఒకే యజమాని, గీతలు లేని బండి మళ్లీ దొరుకుతుందా? పైగా బెంగళూరు బండికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పన్ను, తిరగడం ఇవన్నీ ఎవరు పడతారు?

స్పానరు:
లెక్క సరిగ్గానే ఉంది, ఒక షరతు మీద. ఆ ఖర్చంతా ధరలోంచి ముందే తగ్గించుకోవాలి. ‘గీత కూడా లేదు’ అని అమ్మేవాడు కొత్త బండి లెక్కన అడుగుతుంటే ఆ లక్ష మీ జేబులోంచే పోతుంది.

ఆస్టిన్_తెలుగు:
మూసీ_గట్టు గారూ, మాన్‌స్టర్ 795 విషయంలో ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతాను. ఆ తరం మాన్‌స్టర్లలో, అంటే 696, 795, 796, 1100లలో, పెట్రోలు ట్యాంకు ప్లాస్టిక్‌ది. పైన కనిపించేవి రంగు వేసిన తొడుగులు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ ప్లాస్టిక్ ఉబ్బుతుంది. ఇక్కడ అమెరికాలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ మామూలే. ఆ రోజుల్లో ఇలా ఉబ్బిన ట్యాంకుల మీద యజమానులు కలిసి కోర్టుకు కూడా వెళ్లారు. ఇప్పుడు మన దేశంలో బంకుల్లో 20 శాతం కలుపుతున్నారు. ఏళ్ల తరబడి ట్యాంకులో అలాంటి పెట్రోలు నిలవ ఉన్న బండి అంటే జాగ్రత్తగా చూడాలి.

ఎలా చూడాలంటే, సీటు తీసి ట్యాంకు వెనక బోల్టు దగ్గర రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయా చూడండి. ఉబ్బిన ట్యాంకు పొడుగు పెరుగుతుంది, బోల్టు వంకరగా కూర్చుంటుంది లేదా అసలు పట్టదు. ముందు వైపు హ్యాండిల్‌ను రెండు చివరలకూ తిప్పి ట్యాంకుకు తగులుతోందా గమనించండి. తొడుగుల అతుకుల మధ్య సందు రెండు వైపులా ఒకే తీరుగా ఉండాలి. ట్యాంకు అడుగున పంపు ఉన్న పలక చుట్టూ తడి, పెట్రోలు వాసన ఉంటే బండి ముట్టుకోకండి.

స్క్రాంబ్లర్‌ది ఇనుప ట్యాంకు. దానికి ఈ బెడద లేదు. అయితే మూత తీసి టార్చి వేసి లోపల తుప్పు ఉందేమో చూడండి.

మూసీ_గట్టు:
ట్యాంకు ప్లాస్టిక్‌ది అని నాకు తెలియనే తెలియదు. తట్టి చూసినా అర్థం కాలేదు. చాలా కృతజ్ఞతలు.

కోరమంగళ_కుర్రాడు:
ఇంత తలనొప్పి ఎందుకండీ? బెనెల్లీ తీసుకోండి. అదీ ఇటలీదే, హైదరాబాద్ బండే.

లంబసింగి:
బెనెల్లీని చులకన చేయను గానీ మూసీ_గట్టు గారు అడుగుతున్నది వేరు. 1911లో పెసారోలో పుట్టిన కంపెనీ అది, మాట నిజమే. 2005 నుంచి చైనాకు చెందిన చియాంజియాంగ్ చేతిలో ఉంది. డిజైను పని పెసారోలో కొంత జరుగుతుంది, ఇంజిన్లు తయారయ్యేది చైనాలో. మన దగ్గర 2018 నుంచి ఒక హైదరాబాద్ సంస్థ పంపిణీ తీసుకుని, పోచంపల్లి దగ్గర బండ్లు కూర్చి అమ్ముతోంది. కాబట్టి విడిభాగాల విషయంలో హైదరాబాద్ వాళ్లకు ఇది సౌకర్యమే.

నా సలహా ఒక్కటే. పాత బెనెల్లీ టీఎన్‌టీ 600ఐ లాంటిది కొనాలనుకుంటే అది 2018కి ముందు అమ్మిందా, తర్వాత అమ్మిందా చూడండి. పంపిణీదారు మారినప్పుడు కొన్ని బండ్లకు సర్వీసు చరిత్ర తెగిపోయింది. అప్పుడు యజమాని దాచిన కాగితాలే దిక్కు.

మాండెల్లో_అభిమాని:
నా ఓటు మోటో గుజ్జీ వీ7కు. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియోలో 1921 నుంచి తయారవుతున్న బండ్లు. షాఫ్ట్ డ్రైవు, చైను గొడవే లేదు. బెల్టులు లేవు. రెండు సిలిండర్లు రెండు పక్కలకు పొడుచుకు వచ్చి ఉంటాయి, కాబట్టి వాల్వు మూతలు విప్పాలంటే ట్యాంకు కూడా తీయక్కర్లేదు. ఫీలరు గేజి, స్పానరు పట్టుకుని ఇంటి ముందే టాపెట్లు, అంటే వాల్వు సందులు, సరిచేసుకోవచ్చు. ఇంతకంటే యజమానికి దగ్గరైన ఇటలీ బండి మరొకటి ఉందని నేననుకోను. కానీ ఒక నిజం ఒప్పుకోవాలి, మన దేశంలో అమ్ముడైనవి బహు తక్కువ. ఒక భాగం విరిగితే బయటి దేశం నుంచి తెప్పించుకోవాల్సిందే.

పత్రాలు_ముందు:
బండి సంగతి మీరంతా చూసుకుంటున్నారు, నేను కాగితాల సంగతి చెబుతాను. బండిలో లోపం డబ్బుతో పోతుంది, కాగితాల్లో లోపం ఉంటే బండే పోతుంది.

బయానా ఇచ్చేముందు పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు, వరుస, బీమా గడువు, అప్పు నమోదు ఉందా లేదా అన్నీ తెలుస్తాయి. అప్పు తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే మిగిలిపోయిన బండ్లు కోకొల్లలు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 అమ్మేవాడే తెచ్చి, ఆ పేరు తీయించాలి. ఆ బాధ్యత మీ నెత్తిన వేసుకోకండి. చలాన్లు విడిగా చూడండి, ఇతర రాష్ట్రాల్లో పడ్డవి కూడా.

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును ఫ్రేము మీద, హ్యాండిల్ మెడ దగ్గర కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఇంజిను నంబరు కూడా అంతే. అంకెల చుట్టూ గీకిన గుర్తులు, కొత్త రంగు ఉంటే అక్కడితో ఆపేయండి.

స్క్రాంబ్లర్ కర్ణాటకది కాబట్టి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ రావాలి. అమ్మకానికి ఫారం 29, 30. ఇక్కడికి తెచ్చాక 12 నెలలు దాటి ఉంచుకుంటే మన రాష్ట్ర నంబరు తీసుకోవాలి, వాహనం వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగం తిరిగి అడగవచ్చు. కాళ్లరిగేలా తిరగాలి, అయినా అది మన హక్కు, వదులుకోకండి. ఈ పన్ను ఎంతవుతుందో ముందే ఆర్‌టీఓలో కనుక్కుని బేరంలో కలపండి.

మాన్‌స్టర్‌కు ఇంకొక లెక్క ఉంది. రిజిస్ట్రేషను 15 ఏళ్లే కాబట్టి 2013 బండికి 2028లో గడువు తీరుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఎవరైనా పెద్ద సూపర్‌బైకు చవకగా ఇస్తామంటే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి పత్రం, అడగండి. కార్నే అనే కస్టమ్స్ పత్రం మీద తాత్కాలికంగా దేశంలోకి వచ్చిన బండిని ఇక్కడ అమ్మడానికి వీల్లేదు.

లంబసింగి:
ఇక బండి చూసే రోజు గురించి. వెళ్లే ముందు ఫోను చేసి ‘నేను వచ్చేదాకా స్టార్టు చేయకండి’ అని చెప్పండి. వెళ్లగానే మొదట సైలెన్సరు గొట్టం మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లటి ఇంజిను స్టార్టయ్యే తీరులోనే సగం జాతకం తెలిసిపోతుంది. స్టార్టరు ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ బలహీనం. చౌక మల్టీమీటరు ఒకటి వెంట తీసుకెళ్లండి. ఇంజిను ఆగి ఉన్నప్పుడు 12.5 వోల్టులకు తగ్గకూడదు, కాస్త రేజు చేస్తే 14 దగ్గరికి రావాలి. 13 దగ్గరే ఆగినా, 15 దాటినా బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసే రెక్టిఫైయరు మీద అనుమానపడాలి.

కుడి వైపు క్లచ్ మూత మీద ఆయిలు చూసే గుండ్రటి అద్దం ఉంటుంది. బండిని నిటారుగా నిలబెట్టి చూడండి. అద్దం లోపల తెల్లటి మీగడ లాంటి పొర పేరుకుని ఉంటే, ఆ బండిని ఎప్పుడూ పూర్తిగా వేడెక్కేదాకా నడపలేదని అర్థం. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేసే షెడ్డు బండ్లలో ఇది కనిపిస్తుంది. లోపల తేమ చేరుతోందన్న మాట.

పడిన బండిని పట్టుకోవాలంటే ముందు ఫోర్కు కింది పలక దగ్గర, హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు ఆగే చిన్న గడ్డలు చూడండి. ప్లాస్టిక్‌లు, లివర్లు, అద్దాలు అన్నీ మార్చేస్తారు గానీ ఆ గడ్డల మీద పడిన నొక్కులను ఎవరూ సరిచేయరు. జాలీ ఫ్రేము గొట్టాల అతుకుల దగ్గర రంగు పగుళ్లు, తర్వాత పూసిన రంగు వెతకండి. టైరు గోడ మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. గాళ్లు లోతుగా ఉన్నా ఏళ్లు గడిచిన టైరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది.

మాన్‌స్టర్ 795కి హైడ్రాలిక్ క్లచ్, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసేది. ఇంజిను ఎడమ పక్క, ముందు స్ప్రాకెట్ దగ్గర ఆ ఒత్తిడిని అందుకుని క్లచ్‌ను తోసే స్లేవ్ సిలిండర్ ఉంటుంది. అక్కడ తడి ఉంటే సీలు పోయినట్టే. మొదటి తరం స్క్రాంబ్లర్‌కు మామూలు కేబులే.

తాళాలు రెండూ అడగండి. తాళంలో ఇమ్మొబిలైజరు చిప్పు ఉంటుంది, అది లేని తాళంతో బండి స్టార్టు కాదు. ఒక్కటే ఉండి అదీ పోతే పెద్ద ఖర్చు. రెండు తాళాలతోనూ స్టార్టు చేసి చూడాలి.

ఒంగోలు_గిత్త:
టెస్టు రైడులో కనీసం ఇరవై నిమిషాలు నడపండి, అందులో కొంత ట్రాఫిక్‌లో ఉండాలి. గాలికి చల్లబడే ఇంజిన్లు కదా, వెనక సిలిండరు మీ తొడ దగ్గరే ఉంటుంది. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆ వేడి మీరు భరించగలరా అన్నది ఎవరూ చెప్పలేరు, మీరే తేల్చుకోవాలి. ఇంజిను బాగా వేడెక్కాక న్యూట్రల్ పడుతోందా, ఐడిలింగ్‌లో ఆగిపోతోందా చూడండి.

మూసీ_గట్టు:
మాన్‌స్టర్ చూసి వచ్చాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను.

ఇంజిను చల్లగానే ఉంది, స్టార్టు కూడా బాగానే అయింది. ట్యాంకు వెనక బోల్టు మాత్రం పక్కకు ఒరిగి ఉంది. ఎడమ తొడుగు అతుకు దగ్గర వేలిగోరు దూరేంత సందు, కుడి వైపు అసలు సందే లేదు. యజమాని పెద్దాయన, మంచి మనిషి. అడిగితే ముందు సిలిండరు బెల్టు కవరు విప్పడానికి ఒప్పుకున్నారు. నాలుగు బోల్టులు తీశాం. బెల్టు అంచులు పీచులు లేచి ఉన్నాయి. పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, వేలితో వంచితే తెరుచుకుంటున్నాయి. బెల్టులు మార్చిన బిల్లు లేదు. ‘ఎక్కువ తిప్పలేదు బాబూ, అవసరం రాలేదు’ అన్నారు. ఆయన దాచడానికి ప్రయత్నించలేదు, నిజంగానే తెలియదు.

ట్యాంకు, బెల్టులు, డెస్మో, 2012 నాటి టైర్లు కలిపి చెప్పి ధర తగ్గించమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ బండిని స్టార్టు చేయడం కూడా ఆపి, ముందు బెల్టులు మార్పించమని చెప్పి వచ్చాను.

స్పానరు:
మంచి పని చేశారు. కొనకపోయినా ఆ చివరి మాట చెప్పి రావడం ఆయనకు మేలు చేసినట్టే. పీచులు లేచిన బెల్టుతో ఒక్కసారి తిప్పినా ప్రమాదమే.

స్క్రాంబ్లర్ యజమాని నుంచి బిల్లుల ఫొటోలు ముందే తెప్పించుకోండి. బిల్లు మీద ఛాసిస్ నంబరు, ఆనాటి కిలోమీటర్లు ఉండాలి. అన్ని బిల్లులూ తేదీల వరుసలో పెడితే కిలోమీటర్లు కూడా అదే వరుసలో పెరగాలి. మీటరు వెనక్కి తిప్పితే అక్కడ దొరికిపోతుంది. ఛాసిస్ నంబరు ఇస్తే అధీకృత సర్వీసు కేంద్రం వాళ్లు తమ దగ్గరి రికార్డు కూడా చెప్పగలరు, యజమానితోనే ఫోను చేయించండి.

మూసీ_గట్టు:
తెప్పించుకున్నాను. 12 వేల దగ్గర డెస్మో సర్వీసు అయింది, షిమ్ముల కొలతలతో సహా చీటీ ఉంది. బెల్టులు మార్చి నాలుగేళ్లు దాటింది. కిలోమీటర్ల వరుస సరిపోయింది. పరివాహన్‌లో అప్పు లేదు, రెండు చలాన్లు ఉంటే కట్టేశారు. సొట్ట పలక మీదే ఉందని పలక విప్పి వీడియో పంపారు. శనివారం బెంగళూరు వెళ్తున్నాను. అక్కడ డుకాటీల మీద పని చేసే మెకానిక్‌ను చూపించడానికి యజమాని అభ్యంతరం చెప్పలేదు.

ఆస్టిన్_తెలుగు:
అభ్యంతరం చెప్పకపోవడమే మంచి గుర్తు. ఏ దేశంలోనైనా, స్వతంత్ర మెకానిక్‌కు చూపిస్తానంటే ముఖం చిట్లించే యజమాని దగ్గర నేను కొనను.

మూసీ_గట్టు:
స్క్రాంబ్లర్ ఖాయమైంది. మెకానిక్ కనిపెట్టినవి మూడు: ముందు ఫోర్కు ఎడమ సీలు దగ్గర సన్నటి నూనె గీత, చైను సాగి ముందు స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగడం, వెనక బ్రేకు ప్యాడ్లు అరిగిపోవడం. ఫ్రేము మీద పగుళ్లు ఏమీ లేవు. ఈ మూడు పనులకు, దగ్గర పడిన బెల్టులకు, 24 వేల డెస్మోకు కలిపి ధరలో తగ్గించారు. ఎన్‌ఓసీ వచ్చేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచాను, అది కాగితం మీద రాసుకున్నాం.

పత్రాలు_ముందు:
ఆ రాసుకోవడం చాలా మంచిది. బీమా మాత్రం మర్చిపోకండి. యాజమాన్యం మారిన 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోమని దరఖాస్తు చేయాలి. అది చేయకపోతే మీ బండికి జరిగిన నష్టానికి డబ్బు రాదు. అమ్మిన ఆయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. ఆ తేడా ప్రీమియం ముందే లెక్కలో ఉంచుకోండి. బండి మీద హైదరాబాద్ దాకా రావాలనుకుంటే అసలు ఆర్‌సీ, బీమా, కాలుష్య పత్రం, సంతకాలైన ఫారాల నకళ్లు వెంట ఉండాలి.

స్పానరు:
బెల్టులకు ఇంకా గడువుంది కదా అని 24 వేల దాకా ఆగకండి. ఇప్పుడే బెల్టులు, డెస్మో కలిపి చేయిస్తే ఒకే విప్పడంలో పోతుంది, కూలి కలిసొస్తుంది. పాత బెల్టులు మీ చేతికి ఇవ్వమనండి. కొత్త వాటి బిగువు వేలితో నొక్కి చూసి సరే అంటే ఒప్పుకోకండి, బెల్టును మీటినప్పుడు వచ్చే కంపనాల ఫ్రీక్వెన్సీ కొలిచి బిగించాలి. కొలిచిన అంకె, ఎనిమిది వాల్వు సందులు, తేదీ, కిలోమీటర్లు అన్నీ బిల్లు మీదే రాయించండి. దారిలో కర్నూలు దగ్గర ఆగినప్పుడు ఒకసారి ఆయిలు అద్దం, ఫోర్కు సీలు చూసుకోండి.